రాక్షసబల్లి పేరులో మన పల్లె

హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియంకి ఎప్పుడైనా వెళ్లారా? అక్కడ ఓ డైనోసార్ అస్థిపంజరం ఉంటుంది. మూతి నుంచి తోక దాకా దాదాపు 9 మీటర్లు. వెళ్లినవాళ్లంతా దాని ముందు నిలబడి సెల్ఫీ దిగుతారు, ముందుకు వెళ్లిపోతారు. దాని పేరు పూర్తిగా చదివేవాళ్లు ఎంతమందో చెప్పలేం. ఎందుకంటే ఆ పేరు ఇదీ: కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్.

నోరు తిరగలేదా? ముక్కలు చేసి చదవండి. యామన్‌పల్లి... యెన్సిస్. అవును, పల్లే! ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని ఓ పల్లెటూరు. 1970ల చివర్లో ఆ ఊరి దగ్గర జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లకి 840 ఎముకలు దొరికాయి. ఒక్క జంతువువి కావు, కనీసం 12 జంతువులవి. తలకాయ మాత్రం దొరకలేదు, రెండు పళ్లు దొరికాయంతే. జురాసిక్ కాలం తొలినాళ్లలో ఇక్కడ తిరిగిన శాకాహారి అది. 1988లో పి. యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి ఈ పేరు పెట్టారు.

బైపీసీ చదివినవాళ్లని అడగండి, ఈ పేర్లంటే ఎంత భయమో చెప్తారు. అర్థం తెలియకుండా రాత్రంతా బట్టీ పట్టి, పొద్దున పరీక్షలో ఒక అక్షరం తప్పు రాస్తే మార్కు పోయేది. నాదీ అదే కథ. అసలు కిటుకు పేరు చివర్లో ఉందని ఆ రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే సగం బట్టీ తప్పేది.

శాస్త్రీయ నామంలో రెండు మాటలుంటాయి. మొదటిది ఇంటిపేరు లాంటిది, రెండోది సొంత పేరు. రెండో మాట చివర 'ఎన్సిస్' అని ఉంటే, అది ఫలానా చోటిది అని అర్థం. మనం గద్వాల చీర, నిర్మల్ బొమ్మ అన్నట్టే. చివర 'ఇ' వస్తే మామూలుగా ఒక మగమనిషి గౌరవార్థం పెట్టారని, 'ఏ' వస్తే ఆడమనిషి గౌరవార్థమని గుర్తు. లాటిన్ వ్యాకరణం ఇంతవరకు వస్తే చాలు, ఉమ్మడి ఆదిలాబాద్ మొత్తం చదివేయొచ్చు.

చూడండి. ఈ జిల్లాలోనే మలేరి అనే ఊరుంది. అక్కడి ఎర్రమట్టి రాళ్లు కోటాసారస్ కంటే కూడా పాతవి. వాటిలో దొరికిన ఒక సరీసృపం పేరు మలేరిసారస్ రాబిన్సోనే. ముందు మన ఊరు, వెనక ఒక మహిళ. ఆమె పమేలా రాబిన్సన్. లండన్ నుంచి వచ్చి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో భూగర్భశాస్త్ర విభాగానికి పునాది వేసిన శాస్త్రవేత్త. లెక్కల సంస్థకి ఎముకలతో ఏం పని అంటారా? ఆ సంస్థే ప్రాణహిత-గోదావరి లోయంతా జల్లెడ పట్టింది. అందుకే ఇక్కడ దొరికిన మరో జీవికి ఎక్సెరిటోడాన్ స్టాటిస్టికే అని పేరొచ్చింది. జంతువు పేరులో స్టాటిస్టిక్స్! నాకు బాగా నచ్చిన పేరిది.

కొన్ని పేర్లకి లాటిన్ కూడా అక్కర్లేదు. ఇదే లోయలో పోచంపల్లి దగ్గర (చీరల పోచంపల్లి కాదు, ఇది వేరే) ఇంకా పెద్ద డైనోసార్ ఎముకలు దొరికాయి. తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లు. బెంగాలీలో 'బడా పా' అంటే పెద్ద కాలు. అలా అది బారాపాసారస్ అయింది. రెండో మాట టాగోరీ. తవ్వకాల కాలంలోనే, 1961లో, రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి వచ్చింది మరి.

ఇక జక్లాపల్లిసారస్, నంబాలియా. 2011లో వచ్చిన పేర్లు. జక్లాపల్లి, నంబాల రెండూ ఇక్కడి ఊళ్లే. ఈసారి ఊళ్లు రెండో మాటగా కాదు, ఏకంగా ఇంటిపేరుగానే ఎక్కాయి.

పేరు పెట్టడం అంత తేలికేం కాదు. మలేరి రాళ్లలో దొరికిన ఓ చిన్న డైనోసార్‌కి, ఆలిక్ వాకర్ అనే శాస్త్రవేత్త పేరు మీద 1987లో వాకేరియా మలేరియెన్సిస్ అని పెట్టారు. తీరా చూస్తే వాకేరియా అనే పేరు అప్పటికే ఓ సముద్రజీవికి ఉంది. జంతువుల్లో ఒకే ఇంటిపేరు రెండింటికి ఉండకూడదు. 1994లో దాన్ని ఆల్వాకేరియాగా మార్చారు. ముందు పేరు మారింది కానీ మలేరియెన్సిస్ కదల్లేదు. 2016లో ఆదిలాబాద్ జిల్లా నాలుగు ముక్కలైంది, బోర్డుల మీద జిల్లాల పేర్లు మారాయి. శాస్త్రంలోకి ఎక్కిన ఊరి పేరు మాత్రం ఎక్కడికీ పోదు.

ఇంతకీ డైనోసార్ అన్న మాటే తప్పు. 1842లో రిచర్డ్ ఓవెన్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త గ్రీకు మాటల్లోంచి 'భయంకరమైన బల్లి' అనే అర్థంతో దాన్ని తయారు చేశాడు. మనవాళ్లు దాన్ని చక్కగా 'రాక్షసబల్లి' అనేశారు. కానీ డైనోసార్లు బల్లులు కావు. వాటి అసలు వారసులు మన పెరట్లో గింజలు ఏరుకునే కోళ్లు, పిచ్చుకలు.

తప్పు పేరు అతుక్కుపోవడం కొత్తేం కాదు. వానాకాలం వస్తే ఉట్నూరు ఏజెన్సీని భయపెట్టే మలేరియా సంగతీ అంతే. ఇటాలియన్‌లో 'మాల్ ఆరియా' అంటే చెడుగాలి. బురదనేలల గాలి వల్లే జ్వరం వస్తుందని వాళ్లు నమ్మారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. గాలిది తప్పు కాదని తేలింది, పేరు మారలేదు. మన 'చలిజ్వరం' ఈ విషయంలో నయం. కారణం జోలికి పోకుండా ఒంట్లో జరిగేది చెప్పి ఊరుకుంది.

ఇంకొక్క పేరు చెప్పాలి. ఉమ్మడి ఆదిలాబాద్‌లోని పైకాసిగూడెం దగ్గర ఓ చిట్టి క్షీరదం దొరికింది. ఎలుకంత ఉండేదేమో, మిగిలింది పళ్లే. గ్రీకులో 'ఓడాన్' అంటే పన్ను. దానికి పెట్టిన పేరు పైకాసిగూడొడాన్ యాదగిరీ. యామన్‌పల్లిని డైనోసార్ పేరులో చేర్చిన ఆ యాదగిరి గారే, ఇప్పుడు ఇంకో గూడెం పక్కన తన పేరుతో ఉన్నారు.