చికిత్సకు విలువ కట్టుట యెట్లు?



వైద్యుడు రోగిని బ్రతికించెనా లేదా యని అందఱమును అడుగుదుము. బ్రతికినవాడు ఎట్లు బ్రతుకుచున్నాడని అడుగుట అరుదు. ఈ రెండవ ప్రశ్నను లెక్కలోనికి తెచ్చిన శాస్త్రమును గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. నేను గణితవేత్తను గాను. గద్వాల, వనపర్తి ప్రాంతములందు తెలుగు, సంస్కృతము బోధించి విశ్రాంతి గైకొన్నవాడను.

ప్రశ్న క్రొత్తది కాదు. చరకసంహిత ఆయువును హితము, అహితము, సుఖము, దుఃఖము అని నాలుగు తెఱగులుగా చెప్పినది. ఆయువు పొడవు వేఱు, దాని రుచి వేఱు అని పూర్వు లెఱుగుదురు. ఆ రుచిని అంకెలతో తూచుటకు పూనుకొన్నవారు ఆధునికులైన ఆరోగ్యార్థశాస్త్రజ్ఞులు.

వారి పద్ధతి యిది. సంపూర్ణారోగ్యముతో గడచిన యేడు 1, మరణము 0. నడుమనున్న అవస్థలకు నడుమ అంకెలు. ఆ అంకెను కనుగొనుటకు కెనడా దేశమున టోరెన్సు, ఆయన సహచరులు 1972లో ఒక యుపాయము ప్రకటించిరి. "ఈ నొప్పితో పదియేండ్లు జీవించుటయు, ఏ బాధయు లేక ఆఱేండ్లు జీవించుటయు నీకు సమానమేనా?" యని అడుగుదురు. సమానమే యన్నచో ఆ అవస్థ విలువ 0.6. అనగా అట్టి పదియేండ్లు ఆఱు నిండు సంవత్సరములకు సమానము. ఈ నిండు సంవత్సరమునకే 'క్వాలీ' యని పేరు. ఒక చికిత్సవలన ఇట్టివి ఎన్ని అదనముగా లభించినవో చూచి, అదనపు వ్యయమును ఆ సంఖ్యచే భాగింతురు. 1985లో ఇంగ్లండునందు అలన్ విలియమ్సు గుండె శస్త్రచికిత్సను ఇట్లు తూచి చూపెను. నడక, స్వంత పనులు, నిత్యకృత్యములు, నొప్పి, దిగులు అను ఐదు విషయముల ప్రశ్నావళి నేడు పెక్కు దేశములలో వాడుకలో నున్నది. దానికి భారతీయుల అభిప్రాయములతో కూర్చిన విలువల పట్టిక 2022లో వెలువడినది.

ఇది మనకేల యందురేమో. 2007 ఏప్రిల్ 1వ తేదీన ఆరోగ్యశ్రీ పథకము తొలుత ఆరంభమైన మూడు జిల్లాలలో మన మహబూబ్‌నగర్ ఒకటి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అప్పుడు అందులోనివే. 2016లో వేఱు జిల్లాలైనవి. 2023 డిసెంబరులో తెలంగాణమున పథకపు పరిమితి పది లక్షల రూపాయలకు పెరిగినది. ప్రజల ధనము ఏ చికిత్సకు ఎంత వెచ్చింపవలయునో నిర్ణయించువారికి ఒక తూనిక కావలయును గదా!

గద్వాలలో నే నెఱిగిన నేతగాడొకడు కంటిలో శుక్లము ముదిరి, నూలు చీరకు పట్టు అంచు కలుపుచోట పోగు కనబడక మగ్గము విడిచెను. శస్త్రచికిత్స జరిగిన పిమ్మట మరల మగ్గమెక్కెను. అతని ఆయువునకు ఒక దినమైనను కూడలేదనుకొందము. మరణముల సంఖ్య చూచువానికి ఆ చికిత్స వ్యర్థము. ఈ తూనిక చూచువానికి అమూల్యము.

కాని నా యింట వేఱొక సాక్షి కలడు. మా అన్నగారు పక్షవాతముచే నాలుగేండ్లుగా మంచము పట్టియున్నారు. టోరెన్సు ప్రశ్ననే ఆయనను అడిగితిని: "అన్నయ్యా, ఈ మంచముపై పదియేండ్లకు బదులు లేచి తిరుగుచు ఎన్నేండ్లైన చాలును?" ఆయన కొంతసేపు యోచించి, "తొమ్మిదికి తక్కువైన ఒప్పనురా. ఆ ఒక్క యేడు కూడ నీ తప్పుల పద్యములు వినకుండుటకు వదలుకొందును" అనిరి. నేను మనసులో నాలుగనుకొంటిని! రోగితో కూడియున్నవాడు ఇచ్చు విలువ, ఆరోగ్యవంతుడు ఊహించి యిచ్చు విలువకంటె తఱచుగా హెచ్చుగా నుండునని పరిశోధకులు గుర్తించియున్నారు. పట్టికలు మాత్రము సాధారణముగా ఆరోగ్యవంతులతో నిండిన జనసామాన్యము నడిగి కూర్చినవి. ఆ పట్టికనుబట్టి మా అన్నగారి యేడు నా యేటిలో సగమైనను కాకపోవచ్చును. అప్పుడు ఆయనను బ్రతికించు మందు కూడ చౌక కానిదిగా తోచును. ఇందు అన్యాయము పొంచియున్నది.

కావున తూనికను పాఱవేయుదమా? వలదు. తూనిక లేకున్నను ధనము వ్యయమగుచునే యుండును. అప్పుడది గొంతుగలవానివైపు ప్రవహించును. చికిత్సలను తూచుడు, మనుష్యులను తూచకుడు. తూచునప్పుడు మంచముపై నున్నవానిని కూడ అడుగుడు. ఇదియే నా మనవి.