మోనోరైలు అక్కడే ఎందుకు ఆగింది?

అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రంలో ‘వాల్ట్ డిస్నీ వరల్డ్’ అనే వినోద నగరం వున్నది. 1971 అక్టోబరు 1వ తేదీన తెరిచారు. దాని విస్తీర్ణం దాదాపు 40 చదరపు మైళ్లు. ఎత్తయిన స్తంభాలపై, ఒకే దూలం మీద పరుగెత్తే మోనోరైలు అక్కడొక వింత. ఒక హోటలు భవనం మధ్యనుంచే అది దూసుకుపోతుంది! 1982లో ‘ఎప్కాట్’ ఉద్యానం వెలిసినప్పుడు రైలును అక్కడికి పొడిగించారు. తరువాత 1989లో ఒకటి, 1998లో మరొకటి ఉద్యానాలు వచ్చాయి. రైలు మాత్రం వాటి గడప తొక్కలేదు.

కారణం? లెక్క చూడండి. లాస్ వేగాస్ నగరంలో 2004లో నడక మొదలుపెట్టిన మోనోరైలు పొడవు నాలుగు మైళ్ల లోపే. ఖర్చు సుమారు 65 కోట్ల డాలర్లు. టిక్కెట్లు అమ్మి కూడా ఆ సంస్థ 2010లో దివాలా పిటిషను పెట్టుకున్నది. డిస్నీ వరల్డు రైలుకు అసలు టిక్కెట్టే లేదాయె! ఏనుగును కొనడం ఒక ఎత్తు, మేపడం మరొక ఎత్తు గదా.

బస్సుకు ఆ బాధ లేదు. రోడ్డు వున్నచోటికల్లా పోతుంది. జనం ఎటు ఎక్కువైతే అటు మరి నాలుగు పంపవచ్చు. దూలం మీది రైలును అలా మళ్లించలేరు గదా! 2019లో తీగలపై సాగే ‘స్కైలైనర్’ తొట్లు వచ్చాయి. వాటికి నేలమీద దారి అక్కరలేదు. కాని పిడుగుల వాన వస్తే ఆపవలసిందే.

రాత్రి బాణసంచా ముగిశాక, నిద్రపోయిన బిడ్డను భుజాన వేసుకున్న తల్లికి కావలసినది వింత వాహనం కాదు. త్వరగా వచ్చే వాహనం. అందుకే ఆ వైభవమంతటి నడుమ మామూలు బస్సు ఈనాటికీ నిలిచి వున్నది.