రక్తకణాలను లెక్కించే కంప్యూటరు

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని సూక్ష్మదర్శినితో కనుగొన్నాడు. ఆనాడు పరిశీలన అంతా కంటితోనే. నేడు కంటికి కంప్యూటరు తోడైంది. అది రక్తకణాన్ని ఎలా గుర్తిస్తుంది?

కంప్యూటరుకు తెలిసినవి సంఖ్యలే. గాజుపలక మీద పలుచగా పరచి రంగు వేసిన రక్తాన్ని, సూక్ష్మదర్శినికి అమర్చిన కెమెరా చిన్న చిన్న గళ్ళుగా చిత్రిస్తుంది. వెలుగునుబట్టి ప్రతి గడికీ ఒక సంఖ్య ఉంటుంది: పూర్తి నలుపుకు 0, పూర్తి తెలుపుకు 255. ఒక వరుసలో 210, 205, 90, 85, 212 ఉన్నాయనుకోండి. 150 కంటే తక్కువైనవి కణానివని నియమం పెడితే, మూడవ, నాల్గవ గళ్ళు కణంలోనివి. అలా ఆనుకొని ఉన్న గళ్ళన్నీ కలిస్తే ఒక కణం.

చిక్కు ఇక్కడే వస్తుంది. కొబ్బరిరాశిని దూరంనుంచి చూస్తే రెండు కాయలు ఒకటిగా కనబడవచ్చు. అలాగే అంటుకొన్న రెండు కణాలను కంప్యూటరు ఒకటిగా లెక్కిస్తుంది. 200 కణాలలో 4 కణాలకు మలేరియా సోకితే 2 శాతం. మొత్తం 160 అని తప్పుగా లెక్కిస్తే అదే 2.5 శాతం అవుతుంది! మందు పనిచేస్తున్నదో లేదో ఈ శాతం తగ్గడాన్నిబట్టే తెలుసుకొంటారు. కనుక లెక్క తప్పితే వైద్యుడు పొరబడతాడు.

దీనికి ఒక ఉపాయం వైశాల్యం చూడడం. ఒక్కో కణం సుమారు 400 గళ్ళయితే, 800 గళ్ళ మచ్చ రెండు కణాలు కావచ్చు. మరి 30 గళ్ళ మచ్చ? ధూళి కావచ్చు, రక్తఫలకిక కావచ్చు. తేల్చవలసింది మళ్ళీ సూక్ష్మదర్శినిలో చూసే మనిషే.