134.25 బస్తాలు ఉంటాయా?

మాది వైరా. మొదటి నుంచీ ఇంగ్లీష్ మీడియం, లెక్కల గురించి తెలుగులో రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి.

భాగహారం ఎవరికీ కష్టం కాదు, ఫోన్ చేసేస్తుంది. పాయింట్ తర్వాత వచ్చిన అంకెల్ని ఏం చేయాలన్నదే అసలు తలనొప్పి. బడిలో ఒకటే రూల్: 5 గానీ ఆ పైన గానీ ఉంటే పెంచు, లేకపోతే వదిలెయ్. మా కల్లంలో ఆ రూల్ పనిచేయలేదు.

పోయిన యాసంగిలో మాకు 5,370 కిలోల వడ్లు వచ్చాయి. కొనుగోలు కేంద్రంలో బస్తాకి 40 కిలోలు. 5,370 ÷ 40 = 134.25. 134 గోనె సంచులు చాలన్నాను. "మిగతా పది కిలోలు నీ జేబులో పోసుకుంటావా?" అన్నాడు నాన్న. 0.25 అంటే పావు బస్తా, దానికీ ఒక సంచి కావాలి. జవాబు 135. సి లాంగ్వేజ్‌లో 5370/40 అని రాసినా 134 అనే వస్తుంది, చూసుకోండి.

కొనేటప్పుడు దీనికి రివర్స్. 500 రూపాయలకి 65 రూపాయల నోట్‌బుక్కులు ఎన్ని? 7.69. షాపతను ఏడే ఇస్తాడు.

పంచుకునేటప్పుడు ఇంకో రకం. ఆరుగురం భద్రాచలానికి కారు మాట్లాడుకున్నాం, 4,000. ఒక్కొక్కరికి 666.67. అందరూ అదే ఫోన్‌పే చేస్తే 4,000.02! 670 చొప్పున వేసుకున్నాం, మిగిలిన ఇరవై టీకి.

ఇవన్నీ చిన్నవే. అసలు దెబ్బ మామయ్య 24 బస్తాల మిర్చి అమ్మినప్పుడు తగిలింది. కాటా వేసినతను ప్రతి బస్తాకీ కిలో పైన గ్రాములు వదిలేశాడు. 42.6 ఉంటే 42 అని రాశాడు. చీటీలో మొత్తం 1,000 కిలోలు. నేను పక్కన నిలబడి ఫోన్‌లో కొట్టుకున్న మొత్తం 1,012.8. తేడాని బస్తాలతో భాగిస్తే 12.8 ÷ 24 = 0.53. బస్తాకి అరకిలో, దీనికోసం ఎవరూ గొడవపడరు. కానీ క్వింటా 15,000 అంటే కిలో 150. పోయింది 1,920 రూపాయలు. మొత్తం కూడాక చివర్లో ఒక్కసారి వదిలేసి ఉంటే పోయేది 0.8 కిలో, 120 రూపాయలు.

కంప్యూటర్లూ ఇదే తప్పు చేశాయి. కెనడాలో వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1982లో 1000తో ఒక సూచీ మొదలుపెట్టింది. లెక్కించిన ప్రతిసారీ మూడు దశాంశ స్థానాల తర్వాత ఉన్నది కోసేసేవారు. 1983 నవంబర్‌కి సూచీ 524 దగ్గర ఉంది. సరిగ్గా లెక్కేస్తే అది 1098.

కాబట్టి ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ జవాబుతో ఏం చేయబోతున్నాం? వదిలేసిన ముక్క ఎవరిది? రౌండింగ్ మాత్రం చివర్లో, ఒక్కసారే.

మామయ్యకి ఈ లెక్క చూపిస్తే "అందరికీ అంతేలే" అన్నాడు. కానీ వచ్చే పంటకి కాటా దగ్గర నన్నూ ఉండమన్నాడు.