భిలాయ్ ప్లాంటంతా ఒకే తెరపై: వరుస స్లైడ్లను దాటి చెప్పడం ఎలా?

భిలాయ్ ఉక్కు కర్మాగారం ఎలా పనిచేస్తుందో కొత్తవారికి చెప్పాలంటే ఎక్కువమంది ఒకే వరుస పట్టుకుంటారు. దల్లీ రాజహరా గనుల నుంచి ఇనుప ఖనిజం వస్తుంది. కోక్ ఓవెన్లలో బొగ్గు కోక్ అవుతుంది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఖనిజం ద్రవ ఇనుముగా మారుతుంది. స్టీల్ మెల్టింగ్ షాపులో అది ఉక్కవుతుంది. చివరకు మిల్లు నుంచి రైలు పట్టాగా బయటికొస్తుంది. పది స్లైడ్లలో కథ పూర్తవుతుంది. చెప్పిందంతా నిజమే.

అయితే అదే ప్లాంటులో గ్యాస్ నడిచే దారి వేరు. బ్లాస్ట్ ఫర్నేస్ పైనుంచి వచ్చే గ్యాస్‌ను నీటితో కడిగి శుభ్రం చేస్తారు. ఆ గ్యాస్ మళ్లీ అదే ఫర్నేస్‌కు వేడిగాలి అందించే స్టవ్‌లకు, బాయిలర్లకు ఇంధనంగా వెళ్తుంది. కోక్ ఓవెన్ల గ్యాస్ మిల్లుల్లో ఉక్కును మళ్లీ వేడిచేసే కొలిమిలకు ఉపయోగపడుతుంది. ఇనుము ముందుకే సాగితే, గ్యాస్ వలలా అల్లుకుని వెనక్కీ పక్కకీ తిరుగుతుంది. ఒకటి తర్వాత ఒకటి వచ్చే స్లైడ్లలో ఈ అల్లిక కనిపించదు.

ఆ అల్లిక తెలియడం ఎంత అవసరమో భిలాయ్‌కు అనుభవమే. 2014 జూన్ 12న ఒక పంప్‌హౌస్‌లో నీటి ఒత్తిడి పడిపోవడంతో విషవాయువు వెలువడి ఆరుగురు చనిపోయారు. వారిలో సీనియర్ అధికారులూ ఉన్నారు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ల గ్యాస్ పైపులైన్ దగ్గర జరిగిన పేలుడు, మంటల్లో పదిమందికి పైగా మరణించారు. మంచి స్లైడ్లు ఉంటే ఇవి ఆగేవని ఎవరూ అనలేరు. కానీ నీటి పంపు దగ్గర పనిచేసే మనిషికి పైపు అవతలి కొసలో గ్యాస్ ఉందన్న సంగతి కళ్లకు కట్టాల్సిందే.

పటంలా చూపే పద్ధతి

ఇలాంటి విషయాలకే వరుస లేని ప్రెజెంటేషన్ సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది. ఇందులో బాగా పేరున్నది ప్రెజీ. 2009లో హంగేరీలోని బుడాపెస్ట్‌లో మొదలైంది. దాన్ని రూపొందించినవారిలో ఒకరైన ఆడమ్ షోమ్లాయ్ ఫిషర్ ఆర్కిటెక్ట్. భవనం ప్లాన్‌ను మొత్తంగా చూపి, ఆ తర్వాత ఒక్కో గదిలోకి తీసుకెళ్లడం ఆయన వృత్తిలో మామూలే. ప్రెజీ చేసేదీ అదే. విశాలమైన ఒకే కాన్వాస్ మీద విషయమంతా పరిచి, కావలసిన చోటుకు జూమ్ చేసి, మళ్లీ వెనక్కి వచ్చి మొత్తాన్ని చూపిస్తుంది.

దీనికోసం కొత్త సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పనిలేదు. పవర్‌పాయింట్ 2019లోనూ ఆ తర్వాతి వెర్షన్లలోనూ 'ఇన్సర్ట్' మెనూలో 'జూమ్' ఉంటుంది. 'సమ్మరీ జూమ్' ఎంచుకుంటే అన్ని విభాగాల చిన్న బొమ్మలతో ఒక ముఖచిత్రం తయారవుతుంది. దేన్ని నొక్కితే ఆ విభాగం తెరుచుకుంటుంది, అది పూర్తయ్యాక తిరిగి ముఖచిత్రం వస్తుంది. పాత వెర్షన్లలోనూ హైపర్‌లింకులతో ఇదే పని కొంత శ్రమపడి చేసుకోవచ్చు. ఉచితంగా, ఓపెన్ సోర్స్‌లో కావాలనుకునేవారికి సోజీ ఉంది.

మొదలుపెట్టేది కాగితం మీద

కంప్యూటర్ తెరవకముందే ఒక పెద్ద కాగితం మీద పటం గీసుకోవాలి. ప్లాంటు ఉదాహరణే తీసుకుంటే మధ్యలో బ్లాస్ట్ ఫర్నేస్, చుట్టూ కోక్ ఓవెన్లు, గ్యాస్ శుద్ధి, పంప్‌హౌస్, పవర్ ప్లాంటు, మిల్లులు. ఇనుముకు ఒక రంగు గీత, గ్యాస్‌కు ఇంకో రంగు, నీటికి మూడోది. గీతలు ఎక్కడెక్కడ కలుస్తున్నాయో అక్కడే చెప్పాల్సిన విషయం ఉంటుంది.

రెండో మెట్టు స్థాయిలు. మొత్తం ప్లాంటు, ఒక విభాగం, అందులో ఒక యంత్రం: మూడు స్థాయిలు చాలు. అంతకన్నా లోతుకు వెళ్తే చూసేవారికి తాము ఎక్కడున్నారో అర్థం కాదు.

మూడోది దారి. వరుస లేదంటే క్రమమే లేదని కాదు. ముందుగా ఒక దారి నిర్ణయించుకుని, ఎవరైనా ప్రశ్న అడిగితే పక్కకు వెళ్లి మళ్లీ అక్కడికే రావాలి. "నీళ్లు ఆగితే ఏమవుతుంది?" అని ఒకరు అడిగితే 34వ స్లైడు వరకు ఆగమనే పని ఉండదు. ప్రతి విభాగం పూర్తయ్యాక ఒకసారి మొత్తం పటానికి తిరిగి రావడం మంచి అలవాటు.

కదలికలు తగ్గించాలి. తెర గిర్రున తిరుగుతుంటే కొందరికి కళ్లు తిరుగుతాయి. దగ్గరి సంబంధం ఉన్నవాటిని కాన్వాస్ మీద దగ్గరగానే పెడితే ఈ ఇబ్బంది సగం తగ్గుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లి భిలాయ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. హిందీ, ఛత్తీస్‌గఢీ, తెలుగు కలగలిసే చోట బొమ్మ ఎక్కువ, రాత తక్కువ ఉన్న పటం అందరికీ అందుతుంది. తెలుగులో పేర్లు రాస్తే ఒత్తులు, గుణింతాలు సరిగా వస్తున్నాయో లేదో చూపించబోయే కంప్యూటర్‌లోనే ముందు పరీక్షించాలి. ఆన్‌లైన్ సేవల ఉచిత ఖాతాల్లో పెట్టినవి అందరికీ కనిపించే అవకాశం ఉంది కాబట్టి ప్లాంటు డ్రాయింగుల వంటివి అందులో పెట్టేముందు షరతులు చదవాలి. నెట్ పోయినా నడిచేలా ఒక కాపీ దగ్గర ఉంచుకోవాలి.

ఎక్కడ పనికిరాదు?

వరుసే ప్రాణమైన చోట దీన్ని వాడకూడదు. గ్యాస్ లైను మీద పని మొదలుపెట్టేముందు పాటించాల్సిన మెట్లు ఒకటి, రెండు, మూడు అనే క్రమంలోనే ఉండాలి. వాటికి చెక్‌లిస్టే సరైనది.

ఏ సాఫ్ట్‌వేరైనా ముఖ్యమైన మాటను ముందుకు తేవడం మనిషి పనే. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా సహా ఏడుగురిని బలిగొన్న కొలంబియా ప్రమాదానికి ముందు, నష్టాన్ని అంచనా వేసిన ఇంజనీర్ల స్లైడు ఒకటి తర్వాత చర్చకు వచ్చింది. నౌకకు తగిలిన నురుగు ముక్క, పరీక్షల్లో వాడిన ముక్క కన్నా వందల రెట్లు పెద్దదన్న సంగతి ఆ స్లైడు అడుగున చిన్న అక్షరాల్లో ఉండిపోయింది. ఎడ్వర్డ్ టఫ్టీ దాన్ని విమర్శించారు, ప్రమాదంపై వేసిన దర్యాప్తు బోర్డు కూడా తప్పుపట్టింది. జూమ్ చేసే కాన్వాస్‌లోనూ అలాంటి మాటను ఏదో మూల మూడో స్థాయిలో దాచేయడం తేలికే.

అందుకే పటం పూర్తయ్యాక ఒక చిన్న పరీక్ష చేయాలి. ఆ విభాగంతో సంబంధం లేని ఒకరికి ముఖచిత్రం మాత్రమే చూపి, ఇక్కడ ప్రమాదం ఎక్కడుందని అడగాలి. వాళ్లు వేలు పెట్టి చూపించలేకపోతే పటాన్ని మళ్లీ గీయాలి.