ఒడిలో కుంపటి

ల్యాప్‌టాపు అన్న పేరులోనే ఒడి ఉన్నది. ఒడిలో పెట్టుకొని పని చేసుకొనే యంత్రమని ఆ పేరు పెట్టినవారి భావము. అయితే కొన్నప్పుడు దానితోబాటు వచ్చే చిన్న పుస్తకమును విప్పి చదివితే, గట్టి బల్ల మీదనే పెట్టి వాడవలెననీ, పరుపుల మీదా దిండ్ల మీదా పెట్టరాదనీ వ్రాసి ఉంటుంది. ఆ పుస్తకము చదివేవారెవరు? మన ఇండ్లలో అందరూ పేరునే నమ్మినారు. మంచము మీద కూర్చుండి, దుప్పటి మడతలలో దానిని కుదురుగా నిలిపి, గంటల తరబడి పని చేస్తున్నారు. కొంతసేపటికి అది హోరుమంటుంది. ఆపైన తొడలు చురుక్కుమనేటట్లు కాలుతుంది. ఆపైన నత్తనడక పట్టుతుంది.

ఇవి మూడు జబ్బులని చాలామంది అనుకొంటారు. జబ్బు ఒకటే, లక్షణములు మూడు.

ఈ పత్రిక చేరే కుటుంబాలలో ల్యాప్‌టాపు లేని ఇల్లు ఇప్పుడు అరుదు. చెన్నపట్నములో ఇంజనీరింగు చదివే మనుమడికి ఒకటి, బెంగుళూరులో ఇంటినుండే ఉద్యోగము చేసుకొనే కోడలికి ఒకటి. యాభై అరవై వేల రూపాయల సరకు, తరచుగా వాయిదాల మీద తెచ్చుకొన్నది. ఆ వాయిదాలు తీరకముందే "ఇది పనికిరాదండీ, కొత్తది తీసుకోండి" అనిపించుకోవడము ఏ గృహస్థునికైనా కష్టమే గదా. కాబట్టి దాని పొట్టలో ఏమి జరుగుతున్నదో కొంత తెలిసి ఉండడము మంచిది.

యంత్రానికి మెదడు వంటిది ప్రాసెసరు. బొటనవ్రేలి గోరు ప్రమాణముగల సిలికాను పలక. అది త్రాగే కరెంటు అంతా చివరకు వేడిగానే బయటికి వస్తుంది. పలుచని ల్యాప్‌టాపులలో వాడే ప్రాసెసర్లు చాలావరకు 15 వాట్ల తరగతికి చెందినవి. పూర్వము మన పడకగదులలో రాత్రి వెలిగే జీరో బల్బు కూడ పది పదిహేను వాట్లు తినేది. ఆ బల్బును చేతితో పట్టుకొన్నవారికి ఆ వేడి ఎంతో తెలుసును. అంత వేడి గోరంత చోట పుట్టి, వ్రేలెడు మందము లేని పెట్టెలోనుండి బయటపడవలెను.

ఒకప్పుడు ఇంత చిక్కు ఉండేది కాదు. ట్రాన్సిస్టర్లను చిన్నవి చేసినకొద్దీ వాటికి కావలసిన వోల్టేజి కూడ తగ్గుతుందనీ, అందుచేత అంతే చోటులో ఎక్కువ ట్రాన్సిస్టర్లను కూర్చినా వేడి పెరగదనీ ఐ.బి.ఎం. సంస్థకు చెందిన రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు 1974లో వివరించినారు. ముప్పది సంవత్సరములు ఆ సూత్రము కామధేనువై పాలిచ్చింది. తరువాత వోల్టేజి తగ్గడము ఆగిపోయినది. 2004లో ఇంటెల్ కంపెనీ 3.8 గిగాహెర్ట్‌జుల పెంటియం 4 వరకు వచ్చి, తెస్తామని చెప్పిన 4 గిగాహెర్ట్‌జుల దానిని విరమించుకొన్నది. అది మొదలు వేగమంటే వేడితో బేరమే.

ఆ బేరము లెక్క ఏమిటంటే, ప్రాసెసరులో పుట్టే వేడి దాని వేగమును బట్టీ, వోల్టేజి యొక్క వర్గమును బట్టీ ఉంటుంది. వేగము పెంచవలెనంటే వోల్టేజి కూడ పెంచవలెను. రెండూ కలిసి వేడి దాదాపు వేగము యొక్క ఘనము వలె పెరుగుతుంది. దీనిని తిరగవేసి చూడండి. వేగమును నూటికి పదిపాళ్ళు తగ్గించుకొంటే వేడి సుమారు ఇరవై ఏడు పాళ్ళు తగ్గుతుంది. ప్రతి ప్రాసెసరూ ఇదే కొలతలో నడవదు గాని, దారి ఇదే. కొంచెము నిదానము, చాలా చల్లదనము. ఈ ఒక్క మాట గుర్తుంచుకొంటే తక్కిన చిట్కాలన్నీ తమంతట తామే అర్థమవుతవి.

మరి అంగడిలో చూపించినప్పుడు మెరుపువలె నడిచినది ఇంటికి వచ్చి బద్ధకిస్తుందేమి? ఇందులో మోసమేమీ లేదు. 2022లో వచ్చిన ఇంటెల్ ఐ5-1235యు అనే ప్రాసెసరును తీసుకొందాము. దాని మూల ప్రమాణము 15 వాట్లు. కాని అవసరపడినప్పుడు 55 వాట్ల వరకు త్రాగడానికి కంపెనీవారే అనుమతి ఇచ్చినారు. దీనినే టర్బో అంటారు. చల్లగా ఉన్న రాగి, అల్యూమినియము కాసేపు ఆ వేడిని మింగుతవి. అవి నిండిన తరువాత ప్రాసెసరు మళ్ళీ 15 వాట్ల దగ్గరకు దిగుతుంది. అంగడిలో మనము చూచేది ఆ మొదటి అర నిమిషపు సంబరము. కావున కొనేవారు మూత తెరచి నాలుగు బొమ్మలు చూచి సంతోషపడక, ఏదైనా బరువైన పనిని పదిహేను ఇరవై నిమిషములు నడిపించి చూపమని అడగవలెను. అడిగితే చిన్నబుచ్చుకొనే దుకాణదారుని వద్ద కొనకపోయినా నష్టము లేదని మా అభిప్రాయము.

ఎక్కువ డబ్బు పోస్తే ఈ బాధ ఉండదనుకోవడము కూడ సరికాదు. 2018లో ఆపిల్ కంపెనీవారి ఖరీదైన మాక్‌బుక్ ప్రో, ఐ9 ప్రాసెసరుతో వచ్చినది, వేడికి తాళలేక వేగము మరీ పడిపోతున్నదని గగ్గోలు పుట్టినది. వేడిని అదుపు చేసే లోపలి ప్రోగ్రాములో ఒక లోపమున్నదని కంపెనీవారే ఒప్పుకొని, ఆ జూలై నెలలోనే సవరణ పంపినారు.

ఇక వేడి బయటికి వచ్చే త్రోవ. ప్రాసెసరు మీద ఒక రాగి గొట్టము చదునుగా పరుచుకొని ఉంటుంది. దాని లోపల కొద్దిపాటి నీరు, గోడలకు ఒత్తిలాంటి పొర. గాలి తీసివేసినందున ఆ నీరు కొద్ది వేడికే ఆవిరి అవుతుంది. ఆవిరి అవతలి కొసకు పరుగెత్తి, అక్కడి పలుచని రేకుల దగ్గర చల్లబడి నీరై, ఒత్తి వెంట తిరిగి వస్తుంది. ఇడ్లీ పాత్ర మూత క్రింద ప్రతి ఉదయము జరిగేది ఇదే. ఆవిరి మూతకు తగిలి చుక్కలవుతుంది, మూత మాత్రము చేయి పెట్టలేనంతగా కాలుతుంది. ఈ ఉపాయమునకు అమెరికాలో రిచర్డ్ గాగ్లర్ 1944లోనే పేటెంటు పొందినాడు. ఆనాడు దానిని పట్టించుకొన్నవారు లేరు. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జి గ్రోవర్ దానిని స్వతంత్రముగా తిరిగి కనిపెట్టినాడు. అంతరిక్ష నౌకలలో వాడిన ఉపాయము ఇప్పుడు మన మంచము మీదికి వచ్చినది.

రేకుల మీదికి గాలి ఊదేది ఫ్యాను. పలుచని పెట్టె గనుక ఫ్యాను కూడ చిన్నది. చిన్నది గనుక వేగముగా తిరగవలెను. ఫ్యాను వేగము రెట్టింపు చేస్తే గాలి రెట్టింపే అవుతుంది గాని, చప్పుడు సుమారు పదిహేను డెసిబెల్స్ పెరుగుతుంది. పది డెసిబెల్స్ పెరిగితేనే మన చెవికి రెట్టింపు మోతగా తోస్తుంది. అంత హోరుకు మనకు దక్కేది అంత కొంచెమే. ఫ్యాను బొత్తిగా లేని ల్యాప్‌టాపులు కూడ ఉన్నవి. 2020లో ఎం1 ప్రాసెసరుతో వచ్చిన మాక్‌బుక్ ఎయిర్ అటువంటిదే. అదే ఎం1 ఫ్యానుతో కూడిన మాక్‌బుక్ ప్రోలోనూ వచ్చినది. చిన్న పనులలో రెంటికీ తేడా తెలియదు. దీర్ఘమైన పని పెడితే ఫ్యాను లేనిది క్రమముగా వెనుకబడుతుంది. నిశ్శబ్దమునకు అది చెల్లించే మూల్యము.

ఊరు మారితే లెక్క మారుతుంది. వేడి ప్రవహించేది లోపలికీ బయటికీ ఉన్న తేడాను బట్టి. చాలా ప్రాసెసర్లకు హద్దు 100 డిగ్రీలు. బెంగుళూరులో గది 25 డిగ్రీలుంటే తేడా 75. అదే యంత్రమును వైశాఖమాసములో సోలాపురములోని మన పద్మశాలీల ఇంటికి తీసుకొనిపోతే గది 42 ఉండవచ్చును. తేడా 58కి దిగింది. బయటికి పోగలిగే వేడి నూటికి ఇరవై మూడు పాళ్ళు తగ్గినది. అయితే పై ఘనము లెక్కను తిప్పి వేస్తే వేగములో తగ్గేది ఎనిమిది పాళ్ళే. అంటే ఎండ ఒక్కటే యంత్రమును నత్తగా మార్చదు. సగానికి సగము మందగించినదంటే, వేరే కారణము వెదకవలెను. సాధారణముగా అది గాలి మూసుకొనిపోవడమే. గాలి బాగా తగ్గినప్పుడు ప్రాసెసరు వోల్టేజిని దించుకొంటూ పోయి ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. ఆపైన వేగమును తెగ్గోయడము తప్ప దానికి గతి లేదు. ఒక్కసారిగా కూలబడడము అందుకే.

మా వీధిలో పెద్ద మేష్టారొకరున్నారు. వారి మనుమరాలికి నిరుడు వేసవిలో ఇంటినుండే కంప్యూటరు మీద వ్రాయవలసిన ప్రవేశపరీక్ష వచ్చినది. కెమెరా ముందు కూర్చుండి వ్రాయవలెను. మధ్యలో యంత్రము ఆగితే ఆ రోజుకు అంతే. మాదిరి పరీక్ష పెట్టుకొన్న ప్రతిసారీ అరగంటకు బొమ్మ బిగుసుకొనిపోయేది. ఒక దుకాణములో చూపిస్తే పాతబడినది, మార్చుకోవలసినదే అన్నారట. "ఏమండీ, దీనికి ఆయాసము వచ్చినట్టున్నది, మీరొకసారి చూడండి" అని మేష్టారు మా వద్దకు తెచ్చినారు. యంత్రము వయస్సు మూడేండ్లు. అడుగున చిల్లులలోనుండి దీపము వేసి చూస్తే రేకుల ముందు దూది పరచినట్లు దుమ్ము అట్టకట్టి ఉన్నది. పిల్ల చదువుకొనేది బొంత మీద. తెలిసిన మెకానిక్కు అడుగు విప్పి శుభ్రము చేసి, ప్రాసెసరుకూ రాగికీ మధ్య ఎండిపోయిన లేపనమును తీసి కొత్తది పూసి ఇచ్చినాడు. కొత్త యంత్రము ఖరీదులో అది ఏ మూలకూ రాదు. పరీక్షనాడు బల్ల మీద పెట్టి, ప్రక్కన టేబులు ఫ్యాను ఉంచి, మూడు గంటలు ఆగకుండా వ్రాసినది. ర్యాంకు సంగతి ఆ పిల్ల కృషికి చెందినది, మేము చెప్పుకోరాదు.

ఇంట్లో చేయదగినవి కొన్ని ఉన్నవి. వెనుక అంచు క్రింద రెండు కొయ్యముక్కలు పెట్టి అరంగుళము ఎత్తినా అడుగునుండి గాలి ఆడుతుంది. ఫ్యాన్లు బిగించిన చల్లపీటలని అమ్ముతారు. కొయ్యముక్కలకంటే అవి చేసే మేలు తరచు కొంచెమే. ఊరకే ఉన్నప్పుడు హోరుమంటుంటే లోపల ఏదో రహస్యముగా పని చేస్తున్నదని అర్థము. విండోస్‌లో టాస్క్ మేనేజర్, మాక్‌లో యాక్టివిటీ మానిటర్ తెరచి చూస్తే దొంగ దొరుకుతాడు. పలుమార్లు అది బ్రౌజరులో మరచిపోయిన ముప్పది పేజీలే అయి ఉంటుంది. విండోస్ 11లో సెట్టింగ్స్ క్రింద పవర్ మోడ్ అని ఒకటున్నది. దానిని పొదుపు వైపునకు త్రిప్పితే ఉత్తరాలు, లెక్కలు, పాఠాలు వంటి పనులకు తేడా తెలియదు. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాసెసరు గరిష్ఠ స్థాయిని 100 నుండి 99కి దించితే ఇంటెల్ యంత్రాలలో టర్బో ఆగిపోతుంది, ఫ్యాను కూడ చాలావరకు ఊరుకుంటుంది. కొత్త యంత్రాలు కొన్నింటిలో ఆ మీట కనబడదు. మాక్‌లో లో పవర్ మోడ్ ఇదే పని చేస్తుంది. వోల్టేజిని మాత్రమే దించే ఉపాయము ఒకప్పుడు కుర్రవాళ్ళలో ప్రచారములో ఉండేది. 2019లో దాని ద్వారా దొంగలు చొరబడవచ్చునని పరిశోధకులు చూపినందున ఇంటెల్‌వారు ఆ తలుపు మూసే సవరణ విడుదల చేసినారు. ఇప్పుడు దాని జోలికి పోనవసరము లేదు.

దుమ్ము ఊదేటప్పుడు నోటితో ఊదరాదు, తేమ పోతుంది. ఫ్యాను రెక్క గిర్రున తిరగకుండ పుల్లతో ఆపి, గాలి డబ్బాతో ఊదవలెను. వారంటీ ఉన్నంతకాలము విప్పే పని కంపెనీవారికే వదలండి. తడిగుడ్డ చుట్టడము, ఫ్రిజ్‌లో పెట్టడము ఎంతమాత్రము కూడదు. బయటికి తీయగానే లోపలి రేకుల మీద మంచు నీరు పట్టుతుంది.

ఒడి సంగతి మరచినాము కాము. కాశ్మీరములో చలికి కాంగ్రీ అనే నిప్పుల బుట్టను ఒంటికి ఆనించుకొనేవారికి చర్మము మీద వలలాంటి గోధుమరంగు మచ్చలు వస్తాయని వైద్యులు ఏనాడో గుర్తించినారు. ల్యాప్‌టాపును రోజూ తొడలమీద పెట్టుకొన్న పన్నెండేండ్ల బాలునికి అటువంటి మచ్చలే వచ్చినట్లు స్విట్జర్లాండులోని బాసెల్ వైద్యులు 2010లో ప్రకటించినారు. కాలినట్లు తెలియనంత వేడి చాలు, అది నెలల తరబడి తగిలితే.

వేడికి అన్నిటికంటె ముందు చెడేది బ్యాటరీ. మాక్‌బుక్‌లను 10 నుండి 35 డిగ్రీల గదిలో వాడవలెనని ఆపిల్‌వారు వ్రాసినారు. మన వేసవికి ఆ హద్దు ఉదయము పదిగంటలకే దాటుతుంది. పగలంతా ప్లగ్గులోనే ఉంచేవారు, యంత్రములో ఆ సదుపాయముంటే, ఛార్జిని 80 పాళ్ళకు ఆపుకోవడము మేలు. అడుగు ఉబ్బినట్లున్నా, మౌస్‌ప్యాడు పైకి లేచినా, మూత సరిగా పడకపోయినా బ్యాటరీ ఉబ్బినదని గ్రహించి వెంటనే ఆపివేయవలెను. నొక్కరాదు, గుచ్చరాదు, మరల ఛార్జి పెట్టరాదు. దానిని ఇంటి చెత్తబుట్టలో వేయక అధీకృత సేకరణ కేంద్రములో ఇవ్వవలెను. వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనలు తయారీదారుల మీదనే ఉంచినవి గనుక, తీసుకోమని అడిగే హక్కు మనకున్నది.