ఆర్కే బీచ్‌కు ఇసుక ఎక్కడి నుంచి వస్తుంది?

ఈద్ సెలవుల్లో విశాఖ వెళ్లిన కుటుంబాల్లో ఆర్కే బీచ్ చూడకుండా తిరిగొచ్చేవాళ్లు తక్కువే. ఈసారి వెళ్తే ఒకటి గమనించండి. దూరంలో అల ఏటవాలుగా బయల్దేరినా, ఒడ్డు దగ్గరికొచ్చేసరికి దాదాపు మనకు ఎదురుగానే వచ్చి విరుగుతుంది. ఎందుకలా?

కారణం లోతు. లోతు తగ్గేకొద్దీ అల నెమ్మదిస్తుంది. 10 మీటర్ల లోతులో గంటకు సుమారు 36 కిలోమీటర్ల వేగంతో వచ్చే అల, రెండున్నర మీటర్ల లోతుకు వచ్చేసరికి 18 కిలోమీటర్లకు పడిపోతుంది. ఏటవాలుగా వచ్చే అలకు ఒక కొస ముందే తక్కువ లోతులోకి వస్తుంది. పిల్లలు చేతులు పట్టుకుని వరుసగా నడుస్తున్నారనుకోండి. ఒక చివరివాడు నెమ్మదిస్తే, వరుస మొత్తం వాడివైపు తిరుగుతుంది కదా! అల వంగడం కూడా అంతే.

అందుకే సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండల మీదకు అలలు రెండు వైపుల నుంచీ మళ్లుతాయి. డాల్ఫిన్స్ నోస్ లాంటి చోట్ల దెబ్బ ఎక్కువ. పక్కనున్న వంపుల్లో అలల బలం పలచబడుతుంది, ఇసుక నిలుస్తుంది.

అయితే అల పూర్తిగా వంగదు. మిగిలిన ఆ కాస్త ఏటవాలే ఇసుకను ఒడ్డు వెంట నెడుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణం వైపు నుంచి వచ్చే అలల వల్ల, మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఎక్కువ ఇసుక ఉత్తరానికే పోతుంది. బీచ్ అంటే ఒక ఖాతా. దక్షిణం నుంచి జమ, ఉత్తరానికి ఖర్చు. రెండూ సమానంగా ఉన్నంతకాలం ఒడ్డు కదలదు.

1970లలో విశాఖ ఔటర్ హార్బర్ కోసం సముద్రంలోకి పెద్ద రాతిగట్లు కట్టారు. లోపల ఓడలకు నీళ్లు నిలకడగా ఉండాలంటే అవి తప్పవు. కానీ దక్షిణం నుంచి వచ్చే ఇసుక అక్కడే ఆగిపోతుంది. గట్లకు ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు జమ తగ్గింది, ఖర్చు మాత్రం ఆగలేదు. అందుకే డ్రెడ్జర్లతో ఆ ఇసుక తవ్వి బీచ్ వైపు పోయాల్సి వస్తోంది. పోయడం ఆపితే కోత మళ్లీ మొదలవుతుంది.

మరి ఎక్కడ కోత పడితే అక్కడ రాళ్లు వేస్తే సరిపోదా? సముద్రంలోకి గట్టు కడితే ఆ చోట ఇసుక నిలవొచ్చు. కానీ ఉత్తరాన ఉన్న పక్క ఊరికి అందాల్సిన ఇసుక తగ్గుతుంది. అక్కడ పడవలు లాక్కునే ఒడ్డే మత్స్యకారుల బతుకు. కాబట్టి తీరంలో ఎక్కడ గట్టు కడతామన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇక్కడ ఆగే ఇసుక ఎవరి వాటా?